నయమవుతున్న మోకాలు

మా ఊళ్లో నన్ను మంచి కోడలంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లంతా అలసిపోతుంది. ఏడెనిమిదేళ్లుగా ఒక విషయం లోపల మోస్తున్నాను. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెబితే ములకలపల్లి చుట్టుపక్కల చాలామంది గుర్తుపడతారు. చెప్పవలసింది మాత్రం దాచను. ఒక మనిషి మోకాలు నయమవుతుంటే నేను నయం కానివ్వలేదు. ఆ మనిషి మా అత్తమ్మ.

ముందు ఆమె గురించి చెప్పాలి. నా సంగతే ముందు చెబితే మీరు నా పక్షాన నిలబడతారేమోనని భయం.

మా ఊరు అడవి అంచున ఉంటుంది. ఇళ్లు దాటితే పత్తి, మిరప, ఈమధ్య వేసిన పామాయిల్ తోటలు. అవి దాటితే టేకు చెట్లే. మా చేను ఆ చివరన ఉంది. మామయ్య పోయాక దాన్ని నిలబెట్టింది అత్తమ్మే. కొడుకు పెద్దవాడై వ్యవసాయం చేతిలోకి తీసుకున్నా, ఆమె చేనుకు పోవడం మానలేదు. పొద్దున్నే ఇంత తిని, కుచ్చిళ్లు పైకి దోపుకుని బయలుదేరేది. గట్టు మీద నిలబడి పని చేయించే రకం కాదు, కూలివాళ్లతో పాటు సాలులో దిగి మిరపకాయలు కోసేది. కోయగూడెం నుంచి వచ్చే ఆడవాళ్లకు సమ్మక్క పెద్ద. అత్తమ్మా ఆమే పక్కపక్క సాళ్లలో కోస్తూ, పొద్దంతా ఏవో మాటలు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఇంట్లో అత్తమ్మ అంతగా నవ్వగా నేను చూడలేదు.

ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం దగ్గర తేడా చూపించలేదు. ఇంట్లో ఏది జరగాలో, ఏది జరగకూడదో ఒక్క మాటలో తేల్చేసేది. అంతే.

నాది వైరా వైపు. ఇంటర్ దాకా చదివాను. పెళ్లయిన కొత్తలో ఒక పెళ్లికి వెళ్లి, పెళ్లికూతురి జాకెట్టు మీద మగ్గం వర్క్ చూశాను. ఎందుకో ఆ పనిమీద మనసు పడింది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సన్నటి సూదితో జరీ, పూసలు కుడుతూ పూలు తెప్పించే పని అది. పాల్వంచలో నేర్పేవాళ్లున్నారని తెలిసి మా ఆయన్ని అడిగాను. అమ్మను అడగమన్నాడు. అత్తమ్మ అప్పుడు బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది.

"ఇంటి కోడలు దినాం బస్సెక్కి తిరుగుడేంది? మనకేం తక్కువైంది?"

కోపం లేదు ఆ మాటలో. నేను మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమెకు కుడి మోకాలు పట్టుకుంది. మొదట దాచింది. గట్టు ఎక్కేటప్పుడు పక్కనున్న వాళ్ల భుజం పట్టుకునేది. తర్వాత కింద కూర్చుంటే లేవలేకపోయింది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సూదులు వేశాడు, మాత్రలిచ్చాడు. మందు ఉన్నంతసేపు తగ్గేది. కొత్తగూడెం తీసుకెళ్తే అక్కడి ఎముకల డాక్టరు ఫోటో తీయించి, అరుగుదల మొదలైందనీ, మోకాలి దగ్గరి నరాల్లాంటి పట్టీలు వాచాయనీ చెప్పాడు. ఆపరేషన్ దాకా పోలేదన్నాడు. ఖమ్మంలో షాక్ వేవ్ అని ఒక మిషన్ ఉంది, కోయడం లేదు, కుట్లు లేవు, వారానికొకసారి కొన్ని వారాలు పెట్టించుకోవాలన్నాడు.

షాక్ అన్న మాటకు అత్తమ్మ జడిసింది. "కరెంటు పెడతరా?" అని దారిపొడుగునా అడుగుతూనే ఉంది.

మిరప కోతల కాలం. మా ఆయనకు చేను వదిలి రావడానికి కుదరదు. తోడు నేనే వెళ్లాల్సి వచ్చింది. అలా బస్సెక్కాను.

ఖమ్మం వెళ్లేసరికి ఎండ ముదిరేది. ఫిజియోథెరపీ క్లినిక్ మేడ మీద ఉంది. చూసే అమ్మాయి, అందరూ మేడం అని పిలిచే ఫిజియో, నాకంటే చిన్నది, ఓపిక గల మనిషి. అది కరెంటు కాదని మొదటే చెప్పింది. చప్పుడు గాలిలో ఎలా పోతుందో అలా ఒక దెబ్బ చర్మం దాటి లోపలికి పోతుందనీ, వాచి మొద్దుబారిన చోట రక్తం ఆడేలా చేస్తుందనీ చెప్పింది. మోకాలికి చల్లటి జెల్ రాసి, తుపాకీ లాంటి ఒక పిడిని ఆనించింది. టకటకమని చప్పుడు. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె నన్ను ఆసరాగా పట్టుకోవడం అదే మొదటిసారి. నాకు జాలేసింది. ఈ మాట నిజమేనని నమ్మండి. ఆ రోజు నాకు జాలే ఉంది.

మిషన్ పని కాసేపే. తర్వాత అత్తమ్మను లోపలి గదిలో పడుకోబెట్టి కాపడం పెట్టేవాళ్లు, వ్యాయామాలు చేయించేవాళ్లు. ఆ సమయంలో ఫిజియో మేడం నన్ను పక్కకు పిలిచింది. మిషన్ నొప్పిని తగ్గిస్తుంది గానీ కాలికి బలం ఇచ్చేది వ్యాయామమేనంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, కుర్చీలో కూర్చుని కాలు చాపి ఆపడం, పడుకుని కాలు తిన్నగా లేపడం, ఇవి పొద్దునా సాయంత్రం తప్పకుండా చేయించమంది. తొడ కండ తగ్గిపోతే మోకాలు వంగిపోతుందని చెప్పింది. కింద కూర్చోనివ్వొద్దు, పీట మీద కూడా వద్దంది. సరిగ్గా చేస్తే ఇన్నిసార్లు రావాల్సిన పని కూడా ఉండదంది.

ఇదంతా నాకు చెప్పింది. అత్తమ్మ లోపల పడుకుని ఉంది.

ఆ గంటసేపు నేను చేసేదేం లేక కిందికి దిగాను. వెనక సందులో ఒక గది తలుపులు తెరిచి ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు మగ్గం చుట్టూ వంగి కూర్చుని కుడుతున్నారు. గుమ్మంలో నిలబడిపోయాను. వాళ్లలో పెద్దావిడ రజియా ఆపా తలెత్తి చూసింది.

"ఏంది బేటీ, గట్ల నిలబడ్డవ్? లోపలికి రా."

వెళ్లాను. సూది చేతికిచ్చింది. తప్పు కుడితే విప్పింది, మళ్లీ ఇచ్చింది. గంట ఎలా గడిచిందో తెలియదు. పైకి పరుగెత్తుకుని వచ్చి అత్తమ్మకు చెప్పులు తొడిగాను. ఎక్కడికి పోయావని ఆమె అడగలేదు. ఇంట్లో అయితే పక్కింటికి పోయి వచ్చినా అడుగుతారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకు తెలియకుండానే వేళ్లు ఆడిస్తున్నాను.

ఇంటి దగ్గర కొన్నాళ్లు వ్యాయామాలు చేయించాను. చేసేటప్పుడు ఆమెకు నొప్పి. ఒకరోజు కాలు కింద పెట్టేసి, "ఈ లేపుడు దించుడు నాతోని కాదు బిడ్డా" అంది. నచ్చజెప్పవచ్చు. ఎందుకు చేయాలో మేడం చెప్పింది చెప్పవచ్చు. మొండిది గానీ తెలివైన మనిషి, చెబితే చేసేది.

"పోనీలే అత్తమ్మా, మిషన్ పెడుతున్నరు గదా" అన్నాను.

ఆమె నా చెంప నిమిరింది. తర్వాతి వారం మేడం, వ్యాయామాలు చేయిస్తున్నారా అని అడిగితే, అత్తమ్మ నోరు తెరవకముందే "చేయిస్తున్న మేడం" అన్నాను. అత్తమ్మ నా వైపు చూసి, బడి ఎగ్గొట్టిన పిల్లలా నవ్వింది. నేను ఆమెను నొప్పి నుంచి కాపాడుతున్నాననుకుంది. మా ఇద్దరి మధ్యా స్నేహం లాంటిది పుట్టింది. చూడండి, ఎంత అన్యాయమో. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది ఈ అబద్ధం మీదే.

అప్పటికే నా మనసులో ఉందా, ఆమెకు త్వరగా తగ్గకూడదని? ఎన్నోసార్లు అడుక్కున్నాను. మొదట్లో లేదనే అనిపిస్తుంది. తర్వాత ఉంది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. చేయించకపోతే ఏమవుతుందో తెలిసీ చేయించలేదంటే, మనసులో లేదని ఎలా అనను?

అయినా మిషన్ తన పని చేసింది. నొప్పి తగ్గింది. ఒకరోజు అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా చేనుకు పోయి వచ్చింది. కొంగులో ఇన్ని బెండకాయలు. ముఖం వెలిగిపోతోంది.

"ఈ వారం ఖమ్మం వద్దు. నాకు బాగైంది" అంది.

ఆ ముందు వారమే రజియా ఆపా నా చేతికి మొదటిసారి నిజమైన జాకెట్టు ఇచ్చింది. పెళ్లికూతురిది. మెడ చుట్టూ పని సగంలో ఉంది. మిషన్ పెట్టించుకోవడం సగంలో ఆపితే నొప్పి మళ్లీ వస్తుందట అన్నాను. "వచ్చినప్పుడు సూద్దాం" అంది అత్తమ్మ. తేల్చేసింది. మళ్లీ ఒక్క మాటతో.

మా వాకిట్లో ఎండిన మిరపకాయలు కుప్ప పోసి ఉన్నాయి. తొడిమలు తీయాలి. అది కూలివాళ్ల పని. సమ్మక్క తన మనుషులతో మర్నాడు రావాలి. నేను దారిలో ఎదురు వెళ్లి, ఇవాళ వద్దు, ఇంకో రోజు చెబుతానని పంపేశాను. ఇంట్లోకి వచ్చి చాప పరిచి, అత్తమ్మ ముందు మిరపకాయలు గుమ్మరించాను.

"కూలోళ్లు రాలేదు అత్తమ్మా. మనమే తీద్దాం."

ఆమె చాప వైపు చూసింది. మోకాలి మీద చెయ్యి వేసుకుంది. అప్పుడడిగింది.

"కింద కూసోవచ్చునా? మేడం ఏమన్నది?"

"కూసోవచ్చు. బాగైంది గదా" అన్నాను.

అదీ నేను చేసిన పని. మిగతావన్నీ, వ్యాయామాలు మానిపించడం, మేడంకు అబద్ధాలు చెప్పడం, వాటికి బద్ధకమనో జాలి అనో పేరు పెట్టుకోగలను. దీనికి పెట్టుకోలేను. ఆమె అడిగింది. నాకు జవాబు తెలుసు. తెలిసిన జవాబుకు విరుద్ధంగా చెప్పాను, అదీ తడబడకుండా.

పొద్దు వాలేదాకా కూర్చుంది. పని దొరికిన సంతోషంలో, చిన్నప్పుడు బీడీల తునికాకు కోయడానికి అడవిలోకి పోయిన కబుర్లు చెప్పింది. నేను ఊ కొడుతూ, మధ్యమధ్య ఆమె కాలు వైపు చూస్తున్నాను. లేవబోతే లేవలేకపోయింది. రెండు చేతులా పట్టి లేపాను. కేక వేయలేదు గానీ పెదవి కొరుక్కుంది. తెల్లారేసరికి మోకాలు ఉబ్బి గట్టిపడింది.

"నువ్వు చెప్పిందే నిజం బిడ్డా. సగంల ఆపొద్దు. పోదాం పా" అంది.

బస్సెక్కాం. ఆ రోజు జాకెట్టు మెడ పూర్తిచేశాను. రజియా ఆపా బాగుందంది.

మేడం మోకాలు పట్టి చూసి, ఏం జరిగిందని నన్ను పక్కకు పిలిచి అడిగితే, గట్టు మీద జారిందని చెప్పాను. వాపు తగ్గేదాకా మిషన్ పెట్టకూడదని, వారం వారం వచ్చి ఐసు పెట్టించుకొమ్మంది. తగ్గాక మళ్లీ మొదటి నుంచి. నాకు కావలసింది అదే కదా. నేను ఇంకెప్పుడూ మిరపకాయలు గుమ్మరించలేదు. అవసరం పడలేదు. అత్తమ్మకు భయం పట్టుకుంది. అడుగు వేస్తే ఏమవుతుందోనని ఖమ్మం పోయే రోజు తప్ప మంచం దిగేది కాదు. నేను అన్నీ చేతికందించాను. నీళ్లు, అన్నం, తమలపాకు. ఊరివాళ్లు చూసి మెచ్చుకున్నారు. ఆమె తొడ నా కళ్లముందే సన్నబడింది. మోకాలు తిన్నగా చాపడం పోయింది. వానలు పడేనాటికి మేడం, ఇక తన చేతిలో ఏం లేదనీ, పెద్ద డాక్టరుకు చూపించమనీ చెప్పింది. అలా చెప్పేటప్పుడు తనే ఏదో తప్పు చేసినట్టు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. అది కూడా చూస్తూ ఊరుకున్నాను.

పెద్ద డాక్టరు కీలు మార్చాలన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"గంత పెద్ద మిషన్‌తోనే కాలేదు. కోసి ఏం జేస్తరు?"

కొడుకు బతిమాలాడు. నేనూ ఒక మాట అన్నాను. ఆమె కాదనడానికి వీలుగా అన్నాను. ఆపరేషన్ అయితే మళ్లీ డాక్టర్లు ఆ కాలు అలా ఎందుకయిందో అడుగుతారేమోనని నా భయం.

అప్పటికి నాకు పని వచ్చేసింది. ఆమె మంచం పక్కనే మగ్గం వేసుకున్నాను. "నా దగ్గర్నే ఉంటది గదా, చేసుకోనీ" అని అత్తమ్మే కొడుకుతో చెప్పింది. ఒకప్పుడు వద్దన్న మనిషే. పాల్వంచ నుంచి, కొత్తగూడెం నుంచి జాకెట్లు రావడం మొదలైంది. ఇప్పుడు నా దగ్గర ఊరి ఆడపిల్లలు పని చేస్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నావంటే ఫోన్లో వీడియోలు చూసి అంటాను. రజియా ఆపా పేరు ఎవరికీ చెప్పలేదు. నాకు అన్నం పెట్టే విద్యనిచ్చిన మనిషిని కూడా ఈ అబద్ధం కింద పూడ్చిపెట్టాను.

ఇంకొకటి ఉంది. సమ్మక్కకూ మోకాళ్లు పట్టుకున్నాయి. ఒకసారి ఊళ్లోకి పట్నం డాక్టర్లు వచ్చి క్యాంపు పెట్టారు. పోవాలా వద్దా అని అత్తమ్మను అడగడానికి వచ్చింది. "పోకు. వాళ్ల మిషన్లతోని నాకేమైందో సూసినవ్ గదా" అంది అత్తమ్మ. నేను అక్కడే మగ్గం దగ్గర ఉన్నాను. సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. తలెత్తలేదు. సమ్మక్క పోలేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని వస్తుంది, చేనులో కోసే పని ఎప్పుడో మానేసింది.

ఇది పగా? నన్ను నేర్చుకోనివ్వలేదని ఆమె మీద తీర్చుకున్నానా? అలా అయితే కొంత నయం, పగ పట్టే మనిషికి ఎదుటివాళ్లు కనిపిస్తారు. నాకు ఆమె కనిపించలేదనుకుంటాను. వారానికొక గంట కనిపించింది, ఆ గంటకు అడ్డం పడుతున్న ఒక మోకాలు కనిపించింది. నాకు ఆ గంట ఎందుకు అంత కావలసి వచ్చిందో మీకు అర్థమవుతుందేమో. అర్థమైతే కావచ్చు గానీ, దాన్ని బట్టి నన్ను వదిలేయకండి. అడిగి, పోట్లాడి తెచ్చుకోవలసినదాన్ని ఆమె కాలు తీసి తెచ్చుకున్నాను.

ఈ ఎండాకాలం మహిళా సంఘం వాళ్లు మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు. మంచాన పడ్డ అత్తను చూసుకుంటూ సొంతంగా పని నేర్చుకుని పదిమందికి నేర్పుతోందని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక అత్తమ్మ శాలువా చూపించమంది. అంచు తడిమి చూసి, చూడ్డానికి వచ్చిన పక్కింటావిడతో, "నా కోడలు" అంది. అంతే అంది. ఇంకేమైనా అని ఉంటే తట్టుకునేదాన్నేమో.

పక్కింటావిడ వెళ్లింది. మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. రోజూలాగే నూనె గిన్నె తెచ్చి ఆమె మోకాలికి రాయడం మొదలుపెట్టాను. చేతులు ఆగిపోయాయి. చెప్పాను. ముందూ వెనకా కలగలిపి, సరిగ్గా వరుస కూడా లేకుండా చెప్పాను. రజియా ఆపా గురించి, వ్యాయామాల గురించి, సమ్మక్కను దారిలో తిప్పి పంపడం గురించి, మిరపకాయల గురించి.  అంతా అయ్యాక అత్తమ్మ అడిగింది.

"కింద కూసోవద్దన్నదా మేడం?"

"అవ్ అత్తమ్మా."

"నీతోని అన్నదా?"

"నాతోనే అన్నది."

ఆమె చీర మోకాలి మీదికి లాక్కుంది. నా చేతులు నూనెతో అలాగే ఉన్నాయి.

మర్నాడు గిన్నె తీసుకెళ్తే, "ఆడ పెట్టు" అంది. మనిషిని పంపి సమ్మక్కను పిలిపించుకుంది. అప్పటి నుంచి నూనె రాసేది, స్నానం చేయించేది సమ్మక్కే. కర్ర గోడకు ఆనించి, తన కాలు నొప్పిగా ఉన్నా కుర్చీలో కూర్చుని రాస్తుంది. అత్తమ్మ ఆమెకు నిజం చెప్పిందో లేదో తెలియదు. చెప్పలేదనే అనుకుంటాను. కోడలుండగా సమ్మక్క ఎందుకని కొడుకు అడిగితే, "ఆమెకు పనుంటది" అంది. నా గుట్టు ఆమె బయటపెట్టలేదు. అది క్షమ అని నేననుకోను. పెద్ద మనిషి, ఇంటి పరువు అనుకుని ఉండవచ్చు. లేదా చెప్పుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదేమో.

నేను వండింది తింటుంది. మందులు ఇస్తే తీసుకుంటుంది. నా ముఖం వైపు చూడదు. బిడ్డా అని పిలవడం మానేసింది, అసలు పిలవడమే మానేసింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి అనాలి, అది కూడా నా కోసం ఆమె చేసే పనే అవుతుంది. ఇన్నాళ్లూ ఆమె దగ్గర తీసుకున్నది చాలు. ఆపరేషన్ సంగతి మా ఆయన మళ్లీ కదిపాడు. ఈసారి ఆమె వద్దనలేదు, సరే అనీ అనలేదు.  ఆ విషయంలో మాట్లాడే అర్హత నాకు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో నిజం తెలిసినవాళ్లం ఇద్దరం. నా మగ్గం ఇంకా ఆమె మంచం పక్కనే ఉంది, తీసేయమని ఆమె చెప్పలేదు. నేను కుడుతుంటే ఆమె అటు తిరిగి పడుకుంటుంది. వీపు కనిపిస్తుంది. మేమిద్దరం గంటలు గంటలు మాట్లాడుకోకుండా ఆ గదిలోనే ఉంటాం. భారంగానే ఉంటుంది. కానీ ఆమె దగ్గర దాచవలసినదేదీ ఇప్పుడు నా దగ్గర లేదు. నాకు దొరికింది అంతే.